ఏడో షరతు

చిత్తూరు కోర్టు వెనక జిరాక్సు అంగడి మెట్టు మీద
చెంగల్రాయుడు కూర్చున్నాడు.
ఒళ్లో సంచి, సంచిలో పాసుపుస్తకం,
పాసుపుస్తకంలో మడిచిపెట్టిన ఆరు పేజీల ఇంగ్లీషు.
"గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు సంతకం పెట్టమంటాండారు పాపా.
ఇందులో నేను యాడుండానో చూపించు."

వెతికాను. ఉన్నాడు.
మొదటి పేజీలో ఒక్కసారి, తండ్రి పేరుతో సహా.
ఆ తర్వాత 'హియరినాఫ్టర్ ద సప్లయర్'.
"ఇక్కణ్ణుంచి నువ్వు సప్లయరువి పెద్దాయనా" అన్నాను.
"ఎన్నాళ్లు?" అన్నాడు.

మూడో షరతు: కాయల ధర షల్ బీ పెయిడ్.
తెలుగు చేసి చెప్పాను, చెల్లించబడును.
ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు,
తొడిమ దగ్గర సొన చూసినట్టు.
"వాన పడతాది. కాయ పడతాది.
ఈ చెల్లించ-బడేది
ఎవురి చేతిలోనుంచి?"

మూడేళ్లు తిరుపతిలో లా చదివాను.
ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.

మా సీనియర్ ఏకాంబరం గారి బీరువాలో
పాత ఫారాలు దొంతరలుగా ఉంటాయి.
ఆయన గురువుకు మద్రాసు నుంచి వచ్చినవి.
ప్రతి పేరా 'వేరాజ్' అని గొంతు సవరించుకుంటుంది,
విషయానికి వచ్చేలోగా కాఫీ చల్లారిపోతుంది.
ఆ రాత్రి వాటిని పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీశాను.

'నల్ అండ్ వాయిడ్': చచ్చిన పామును మళ్లీ కొట్టడం.
ఒక దెబ్బ కొట్టేశాను.
'షల్ బీ పెయిడ్' తీసి, ఇచ్చేవాణ్ణి ముందుకు లాగి నిలబెట్టాను:
ఫ్యాక్టరీ మస్ట్ పే చెంగల్రాయుడు, పదైదు రోజుల్లో.
పేరు తిరిగొచ్చింది. కాగితం మీద మనిషి మెసిలాడు.

'యాక్ట్ ఆఫ్ గాడ్' దగ్గర పొద్దున ఆయన ఆపాడు.
"మా తోటలో పోయినేడు ఏనుగులు దిగినాయి.
అది దేవుడి లెక్కా, ఫారెస్టోళ్ల లెక్కా?"
నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు.
గాలివాన అని రాశాను. వడగళ్లు అని రాశాను.
ఏనుగులు అని రాశాను, ఇంగ్లీషులో, బహువచనంలో.

ఏకాంబరం గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
ఆరు పేజీలు రెండైన సంగతి చూశారు.
"ఇంత చిన్న కాగితానికి ఫీజెట్లా అడుగుతావమ్మా?"

నేనేమీ అనలేదు.
కాణిపాకం గుర్తొచ్చింది.
తలారా స్నానం చేసి, తడిబట్టలతో నిలబడి
అక్కడ ప్రమాణం చేసేవాడు
'నాట్‌విత్‌స్టాండింగ్' అనడు.
తీసుకున్నాను అంటాడు, లేదా తీసుకోలేదు అంటాడు.
వినేవాళ్లకు నిఘంటువు అక్కర్లేదు,
చెప్పేవాడికే కాళ్లు వణుకుతాయి.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు.
ఏడో షరతు దగ్గర నా చెయ్యే
ఆ పాత బీరువా వైపు పోయింది.
'కస్టమరీ డిడక్షన్స్', మామూలు కోతలు, 'యాజ్ మే బీ డిటర్మిండ్'.
నాలుగుసార్లు తేలిక చేసి రాశాను,
నాలుగుసార్లూ వాక్యం కుంటింది.
అప్పుడు తెలిసింది, కుంటింది వాక్యం కాదు.
టన్నుకు ఎంత కోస్తారో, తూకం ఎవరు వేస్తారో
నాకే తెలియదు.
తెలియని చోట పెద్దమాట వేసి
గుంత మీద ఆకులు కప్పబోయాను.
అందులో పడేది నేను కాదు.

ఫ్యాక్టరీకి ఫోన్ కలిపాను.
బయట బంగారుపాళ్యం వైపు తోతాపురి ట్రాక్టర్లు
ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.
రింగవుతోంది.
లోపలి గదిలోంచి, పేపరు దించకుండానే,
ఏకాంబరం గారు:
"కాటా దగ్గర ఆయన్ని నిలబడనిస్తారా లేదా,
ముందు అదడుగు."